పుస్తకంలో కనబడ్డ సందుగ

చేవెళ్ల
జూన్ 14

విజయ వదినకు,

వందనాలు. ఈ ఉత్తరం చూడగానే నవ్వుకుంటావని తెలుసు. బస్సెక్కితే గంట కూడా పట్టని దూరానికి, చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరమేమిటని. ఫోన్ చేస్తే మా అన్న స్పీకర్ పెట్టి, వాకిట్లో కూర్చున్న వాళ్లందరికీ మన ముచ్చట వినిపిస్తాడు. మనిద్దరి మాట మన మధ్యే ఉండాలంటే కాగితమే నయం. మా బడిలో పనిచేసే నీలవేణి టీచర్ రోజూ మొయినాబాద్ నుంచే వస్తుంది కాబట్టి ఆమె సంచిలో పంపుతున్నాను. జవాబు కూడా ఆమెకే ఇవ్వు.

ఇల్లు పైకప్పు దాకా అయింది, ఇప్పుడు లోపలి పనులు నడుస్తున్నాయి. మా ఆయన ప్రేమ్‌చంద్ జన్వాడ వైపు ఫామ్‌హౌసుల్లో వైరింగ్ పనికి పోతాడు కదా, అక్కడి వాళ్లు పారేసే ఇంటి అలంకరణ పుస్తకాలు మళ్లీ ఒక మోపు తెచ్చాడు. అదే, నీకు కూడా పంపుతుండేదాన్ని చూడు, నున్నటి కాగితంవి. వాటిలో ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుంది, బొమ్మలు మాత్రం పూర్తిగా అర్థమవుతాయి. ఆ ఇళ్లల్లో గ్యాసు బండ ఉండదు, బట్టలారేసే తీగ ఉండదు, ఉల్లిగడ్డల బుట్ట ఉండదు. ఆ మనుషులు ఏం తిని బతుకుతారో నాకు తెలియదు. అయినా రాత్రి పడుకునే ముందు ఒక పుస్తకం తిప్పకపోతే నిద్ర పట్టడం లేదు.

ఒక పుస్తకంలో చూసి ముందు గదిలో ఒక్క గోడకే ముదురాకుపచ్చ రంగు వేయించాను. పక్కింటి కౌసల్యమ్మ వచ్చి చూసి, "రంగు ఒడిసిపోయిందా టీచరమ్మా, కడమ గోడలకు ఎప్పుడేస్తరు?" అని అడిగింది. ఫ్యాషన్ అని చెప్పాను. జాలిగా చూసి వెళ్లింది.

అసలు సంగతికి వస్తాను. ఇంకో పుస్తకంలో సోఫా ముందు టీపాయ్ బదులు పాత చెక్క సందుగ పెట్టారు. ఇత్తడి పట్టీలు, పెద్ద గొళ్లెం, పైన ఒక పూల గిన్నె. చూడగానే అమ్మ సందుగ గుర్తొచ్చింది. నేను పదో తరగతి పాసైన నాటి నుంచి అమ్మ "ఈ సందుగ ఆశది" అని అందరి ముందూ అనేది కదా. పెళ్లప్పుడు ఇరుకింట్లో పెట్టుకునే జాగా లేక మీ దగ్గరే ఉంచాను. ఇప్పుడు జాగా ఉంది. సోఫా ముందు కొలత కూడా తీసి పెట్టాను. వచ్చే శనివారం ప్రేమ్‌చంద్‌ను ట్రాలీ ఆటోతో పంపనా?

నీ ఆడబిడ్డ,
ఆశ


మొయినాబాద్
జూన్ 20

ఆశాకు,

వదిన వందనాలు. ఉత్తరం అందింది. ఇల్లు అంతదాకా వచ్చినందుకు చాలా సంతోషం. మీ అన్నకు చెబితే ఆయన కూడా సంతోషపడ్డాడు. ఇక్కడ అందరం బాగున్నాం. వానలు ముందే పట్టుకున్నాయి. వెనుక చేనులో బంతి నారు పోశాం, సగం మురిగిపోయింది. బర్రె ఈనింది, దూడ మంచిగుంది. నా కుట్టు మిషను బెల్టు తెగితే కొత్తది వేయించాను.

ట్రాలీ ఇప్పుడు పంపకు. సందుగ నిండా బొంతలున్నాయి, తీసి సర్దాలంటే టైం పడుతుంది. అదీగాక వానలో తెస్తే చెక్క ఉబ్బుతుంది. వానాకాలం పోయినాక చూద్దాం. తొందరేముంది.

ఇంకొక మాట. ఆ పుస్తకాలు ఇకమీదట నాకు పంపకు. చూసే తీరిక ఉండటం లేదు.

వదిన,
విజయరాణి


చేవెళ్ల
జూలై 9

వదినా,

నీ ఉత్తరంలో బర్రె ఉంది, దూడ ఉంది, మిషను బెల్టు ఉంది. సందుగ మాత్రం రెండు వరుసల్లో ముగిసింది. నేను పదిహేనేళ్లుగా పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అడిగిన ప్రశ్నకు జవాబు తెలియని పిల్లలే పక్క సంగతులు ఎక్కువ రాస్తారు.

కోపం తెచ్చుకోకు, ఊరికే అంటున్నాను. కానీ కొన్ని సంగతులు మనసులో మెదులుతున్నాయి, అడిగి తేల్చుకుంటే మంచిది కదా.

బొంతలంటున్నావు. అమ్మ ఫిబ్రవరిలో పోయినప్పుడు, భూస్థాపన అయిన తెల్లారి నువ్వే బొంతలన్నీ పంచావు. నాకు రెండు ఇచ్చావు, పిన్నమ్మ వాళ్లకు ఇచ్చావు. అవి సందుగలోంచి తీయలేదు. మూలన కుర్చీ మీద కుప్పగా ఉన్నాయి. ఆ రోజు ఏడుపులో నాకేమీ పట్టలేదు. ఇప్పుడు అనిపిస్తోంది, సందుగ ఉండగా బొంతలు కుర్చీ మీదికి ఎందుకొచ్చాయని.

ఈస్టర్‌కు నేనొస్తే అమ్మ గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఎక్కడ పెట్టావో మరిచిపోయానన్నావు. ఇంట్లో చెంచా ఎటు పోయినా చీకట్లో వెతికి తెచ్చే మనిషివి నువ్వు.

పుస్తకాలు వద్దనడం ఇంకా వింత. పోయినేడు దాకా "ఇంకో రెండు పంపు ఆశా" అని కబురు చేసేదానివి. వాటిలో చూసి పరదాలు కుట్టావు, మీ చర్చిలో ఆల్తారు అలంకరించావు. ఉన్నట్టుండి అవేం పాపం చేశాయి?

మొన్న బజార్లో అన్న కలిస్తే సందుగ సంగతి ఎత్తాను. నేల చూపులు చూసి, "మీ వదిననడుగు" అన్నాడు. 

నాకు ఏదో దాస్తున్నారు. దాస్తున్నారని తెలిశాక సందుగ కంటే ఆ దాచడమే నన్ను ఎక్కువ తినేస్తోంది. నిజం రాయి.

ఆశ


మొయినాబాద్
జూలై 18

ఆశాకు,

వందనాలు. నువ్వు ఏమేమో ఆలోచించుకుంటున్నావు. అట్లాంటిదేం లేదు. సందుగకు అడుగున చెద పట్టింది. నీకు చెబితే బాధపడతావని బొంతల మాట రాశాను. వడ్ల పాండు దగ్గర రిపేరుకు ఇచ్చాను. ఆయనకు చేతినిండా పనులు, ఎప్పుడిస్తాడో చెప్పలేను.

అంతవరకు ఎదురు చూడటం ఎందుకు, మంచి టేకు టీపాయ్ ఒకటి మేమే కొనిస్తాం. గృహ ప్రతిష్ఠకు పుట్టింటి కానుకగా ఉంటుంది. మీ అన్నకు చెప్పి ఒప్పిస్తాను. నీకు ఏ రకం కావాలో ఆ పుస్తకాల్లో చూసి చెప్పు.

మామిడికాయ తొక్కు నీలవేణి టీచర్‌తో పంపాను. డబ్బా జాగ్రత్త, మూత లూజు.

విజయరాణి


చేవెళ్ల
ఆగస్టు 22

విజయరాణి గారికి,

తొక్కు డబ్బా తిరిగి పంపుతున్నాను. మూత బిగించాను.

వడ్ల పాండు దుకాణం నీలవేణి వాళ్ల గల్లీలోనే ఉందన్న సంగతి మీరు మరిచిపోయినట్టున్నారు. ఆమె వెళ్లి అడిగింది. మా అమ్మ పద్మమ్మ సందుగను తాను కళ్లతో చూసి చాలా ఏళ్లయిందని పాండు చెప్పాడు. చెద అబద్ధం, రిపేరు అబద్ధం, బొంతలు అబద్ధం.

ఇక నిజం ఎక్కడ దొరికిందో చెబుతాను. పోయిన ఆదివారం ప్రేమ్‌చంద్ తెచ్చిన కొత్త పుస్తకం తిప్పుతున్నాను. జన్వాడలో ఎవరిదో పెద్ద ఫామ్‌హౌసు, ఎనిమిది పేజీల నిండా బొమ్మలు. మూడో పేజీలో తెల్ల సోఫా. సోఫా ముందు మా అమ్మ సందుగ.

పోలిన సందుగ అనుకుంటారేమో. మూత మీద కుడివైపు పడవ ఆకారంలో నల్లటి మచ్చ ఉంది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు బొగ్గుల ఇస్త్రీపెట్టె దాని మీద పెట్టి మరిచిపోయి ఆటకు పోయాను. ఆ మచ్చకు నేను తిన్న దెబ్బలు నాకు గుర్తున్నాయి. ఆ ఫోటో తీసినవాడు మచ్చ బాగా పడేట్టు వెలుతురు పెట్టి మరీ తీశాడు. కింద ఏం రాశారో తెలుసా? రాజస్థాన్‌లో ఒక కోట నుంచి వచ్చిందట. మా అమ్మ రాజస్థాన్ కాదు కదా, శంకర్‌పల్లి దాటి కూడా ఎక్కువ పోలేదు.

అమ్మేశారు. అమ్మి, తాళం వేసిన గదిని నాకు చూపించారు.

ఇంకొకటి ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు. ఈ రోజు చెబుతాను. దవాఖానలో ఉన్నప్పుడు, మీరు టీ తేవడానికి బయటికి పోయిన సమయంలో అమ్మ నా చేయి పట్టుకుంది. "సందుగ సంగతి మీ వదినను ఎన్నడు అడగకు బిడ్డా. అడిగితే నా పానం ఊకోదు" అన్నది. నాకు అప్పుడు అర్థం కాలేదు. మందుల మత్తులో ఏదో అంటోందనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది. ఆ మంచంలో కూడా మీకు భయపడింది. ఎంతగా బెదిరిస్తే ఒక తల్లి కన్నబిడ్డతో అలా అంటుంది?

అక్టోబరులో మా ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నాం. అన్న వస్తానంటే రమ్మనండి, అన్నను కాదనలేను. మీరు రానవసరం లేదు.

ఆశ


మొయినాబాద్
సెప్టెంబరు 5

ఆశాకు,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు జవాబు రాయలేదు. కోపంతో కాదు. అత్తమ్మ నీతో ఆ మాట అన్నదని నాకు ఇప్పుడే తెలిసింది. దాని గురించి ఒకరిని అడిగి తెలుసుకున్నాక రాద్దామని ఆగాను. ఇప్పుడు అంతా రాస్తాను. రాసినాక నన్ను ఏమన్నా పడతాను.

సందుగను అమ్మలేదు. అది హర్రాజులో పోయింది.

పోయిన నవంబరులో మా చర్చి కోత పండుగకు అలంకరణ పని నాకే ఇచ్చారు. నువ్వు పంపిన పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది, పాత సందుగ మీద గుమ్మడికాయలు, కంకులు పేర్చి. అది నాకు తెగ నచ్చింది. బొంతలు తీసి కుర్చీ మీద పెట్టి, ముందు రోజు రాత్రే సందుగను ఆల్తారు పక్కకు మోయించాను. తెల్ల గుడ్డ పరిచి గుమ్మడికాయలు, జొన్న కంకులు, మన చేని బంతిపూలు పేర్చాను. అందరూ మెచ్చుకున్నారు. అయ్యగారు అర్పణల మీద ప్రార్థన చేశారు. నేను వెనుక భోజనాల దగ్గరికి పోయాను.

నీకు తెలియనిది కాదు, ఆ రోజు దేవుని ముందు పెట్టి ప్రార్థన చేసిన ప్రతి వస్తువూ హర్రాజుకు వస్తుంది. కోడి పెట్టినా, సొరకాయ పెట్టినా అంతే. సందుగ అలంకరణకు తెచ్చిందని పెద్దలకు ఒక్క మాట చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. హర్రాజు పాడే సాలోమోను తాత ఒక్కొక్కటీ పాడుకుంటూ వచ్చి గుమ్మడికాయలన్నీ అయిపోగానే గుడ్డ తీసి సందుగ మీద చెయ్యి వేశాడట. ఎవరో తెలిసిన వాళ్లతో పండుగ చూడటానికి వచ్చిన జన్వాడ మేడమ్ అందరికంటే ఎక్కువ పాట పాడి తీసుకుంది. నేను తడి చేతులతో లోపలికి వచ్చేసరికి నలుగురు దాన్ని బయటికి మోస్తున్నారు.

ఆపుదామని నోరు తెరిచాను. ముందు కుర్చీలో కూర్చున్న అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, అందరికీ వినపడేలా "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నది. ఆమె గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. 

నేను మనస్ఫూర్తిగా ఇచ్చాననే ఆమె అనుకుంటోందని నమ్మాను ఆశా. ఈ ఉత్తరం రాసే ముందు వరకు నమ్మాను. ఇంటికొచ్చాక చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. చెప్పలేదు. ఎందుకంటే నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె నన్ను "విజయా" అనే పిలిచింది. "బిడ్డా" అన్నది ఆ రోజే మొదలు. పోయేదాకా అలాగే పిలిచింది. ఆ పిలుపు పోగొట్టుకోబుద్ధి కాలేదు. మీ అన్న ఏదో అనబోతే, "దేవునికిచ్చినంక ఇంట్ల దాని ముచ్చట తియ్యొద్దు" అని ఆయన నోరు కూడా మూయించింది.

నీ ఉత్తరం చదివాక సాలోమోను తాత ఇంటికి పోయాను. ఆ రోజు సందుగను ఎందుకు పాడారని అడిగాను. ఆయన అన్నాడు, "నేనూరికే పాడలేదమ్మా. మీ అత్తను అడిగిన, పద్మమ్మా ఇది గూడ హర్రాజుకేనా అని. జరసేపు ఆగింది. నువ్వున్న దిక్కు చూసింది. అటెన్క తల ఊపింది."

ఆమెకు తెలుసు. పొరపాటున పెట్టానని తెలుసు. కాదు అని ఒక్క మాట అంటే, ఆల్తారు ముందు పెట్టిన దాన్ని వెనక్కి తీసుకున్న కోడలిగా సంఘమంతా నన్ను చూసేది. అందుకని నీ సందుగకు తల ఊపింది. అందుకే నన్ను అడగొద్దని నీతో అన్నది. భయపడి కాదు.

నీది నీకు ఇవ్వలేకపోయాను. అబద్ధాలు చెప్పాను. ప్రతిష్ఠకు రాను, నీ మాటే నిలబెడతాను. నాకు ఒంట్లో బాగాలేదని మీ అన్నకు చెప్పి ఇంట్లో ఉండిపోతాను.

విజయ


మొయినాబాద్
సెప్టెంబరు 24

ఆశా,

నీలవేణి టీచర్ రోజూ ఖాళీ చేతులతో వస్తోంది. నా ఉత్తరం నీకు ఇచ్చానంటోంది. చదివావో, చింపావో తెలియదు. తిట్టినా సరే, ఒక వరుస రాయి.

విజయ


చేవెళ్ల
అక్టోబరు 6

వదినా,

చింపలేదు. మళ్లీ మళ్లీ చదివాను. మొదట నమ్మలేదు. ఇంత బాగా కుదిరిన కథ ఎవరో నేర్పినట్టుందని అనుకున్నాను. మనసులో ఒకసారి అనుమానం పడితే నిజం కూడా అబద్ధంలానే కనబడుతుంది. మొన్న ఆదివారం ఎవరికీ చెప్పకుండా వచ్చి సాలోమోను తాతను అడిగి వెళ్లాను. నీకు చెప్పిన మాటే నాకూ చెప్పాడు.

అప్పుడు నీ మీద కోపం పోయింది. అమ్మ మీద వచ్చింది. దాచకుండా రాస్తున్నాను. నాది అని చిన్నప్పటి నుంచి చెప్పి, నీ పరువు కోసం ఒక్క తల ఊపుతో ఇచ్చేసింది. అక్కడ నేనుండి ఉంటే నా దిక్కు చూసేదా, నీ దిక్కే చూసేదా అని రెండు రోజులు ఏడ్చాను. కోడలికి ఇచ్చింది, కూతురిని మరిచిపోయింది అనుకున్నాను. చనిపోయిన మనిషితో కొట్లాడటం ఎంత కష్టమో తెలుసా, జవాబు రాదు.

చివరికి ప్రేమ్‌చంద్‌తో అన్నాను, ఆ ఇల్లు నాకు చూపించమని. ఆ పక్క ఫామ్‌హౌసులోనే అతనికి పని నడుస్తోంది. వాచ్‌మన్ యాదయ్యతో అడిగించి నిన్న లోపలికి తీసుకుపోయాడు.

దారి పొడుగునా ఏం మాట్లాడాలో చదువుకుంటూ పోయాను. పొరపాటున హర్రాజైంది మేడమ్, అది మా అమ్మది, మీరిచ్చింది మీకు తిరిగి ఇచ్చేస్తాం అని. ఆ మేడమ్ చెడ్డది కాదు వదినా. కూర్చోమన్నది, నీళ్లిచ్చింది. చర్చిలో కొన్నానని తానే చెప్పింది, కోట సంగతి రాసింది ఆ పుస్తకం వాళ్లేనట. సందుగ తెల్ల సోఫా ముందు ఉంది. మీద పుస్తకాలు పేర్చి ఉన్నాయి, మనం చూసే రకమే. నేను కింద కూర్చుని పుస్తకాలు పక్కకు జరిపి ఆ మచ్చ మీద అరచేయి పెట్టాను. చాలాసేపు తీయబుద్ధి కాలేదు.

ఆమె నన్ను చూసి, "మీ ఇంటిదా?" అని అడిగింది. మా అమ్మది అన్నాను. మచ్చ మీదున్న నా చేయి చూసి, "ఏమన్నా పొరపాటయిందా అప్పుడు? అట్లయితే తీస్కపొండి. నాకు డబ్బులు గూడ వద్దు" అన్నది.

ఒక్క మాట చాలు. అవును అంటే ట్రాలీ ఎక్కించుకుని సాయంత్రానికి సోఫా ముందు పెట్టుకునేదాన్ని. ప్రేమ్‌చంద్ నా మొహమే చూస్తున్నాడు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ అవును అంటే ఆ మేడమ్ వెళ్లి తనను తీసుకొచ్చిన వాళ్లకు చెబుతుంది, వాళ్లు మీ సంఘంలో చెబుతారు. ఆ రోజు అమ్మకు కూడా ఇంతే టైం దొరికి ఉంటుంది, ఆలోచించుకోవడానికి.

"పొరపాటేం లేదమ్మా. మా వదిన దేవునికిచ్చింది. మా అమ్మ పక్కనే ఉన్నది" అన్నాను.

బయటికొచ్చాక గేటు దగ్గర నిలబడి ఏడ్చాను. అమ్మ మీద కోపం అక్కడే పోయింది. ప్రేమ్‌చంద్ బండి స్టార్ట్ చేశాడు.

టీపాయ్ ఏమీ కొనకండి. పోయిన ఉత్తరంలో రాసిన మాటలకు నీ ముందు కూర్చునే క్షమాపణ అడుగుతాను, కాగితం మీద కాదు. నువ్వు ముందు రోజే రా, వంటకు మనుషులు చాలరు. ప్రతిష్ఠ రోజు రిబ్బన్ ఎవరు కత్తిరిస్తారని పాస్టరు గారు అడిగారు. నీ పేరు చెప్పాను.

ఆశ